అద్దంలో లేని ఊరు

ఆదివారం, భీమిలి దాటాక

ఈ బండి మర్యాద నాకు చిరాకు తెప్పిస్తోంది. పొద్దున్నే తెర తొలగించి, "శుభోదయం కౌముది గారూ, ఈరోజు సముద్రం మీ కోసం నీలంగా ఉంది" అంటుంది. నా కోసం నీలంగా ఉండడమేమిటి? బంగాళాఖాతం నాకేమైనా చుట్టమా?

తడ దగ్గర ఎక్కాం. ఇచ్ఛాపురంలో దిగుతాం. ఏ తొందరా లేని ప్రయాణం. నచ్చిన చోట నిలబడి, ఎండ ఎక్కువైతే పడుకుని, సాయంత్రం మళ్ళీ కదిలి, ఇప్పటికి ముప్పాతిక దారి అయిపోయింది. బండిలోనే రెండు పడకలు, ఒక పొయ్యి, ఒక స్నానాల గది. నడిపే మనిషి లేడు, దానంతట అదే పోతుంది. సముద్రం ముందుకొచ్చాక మిగిలిన ఈ పాత తీరపు రోడ్డు మీద కడలిబాట సంస్థ వాళ్ళ ఇల్లుబండ్లు తప్ప మరేవీ తిరగకూడదు.

నాతో వచ్చింది మా తోడికోడలు హైమవతి. అన్నదమ్ములిద్దరూ ఏలూరులోనే ఉండిపోయారు. "నీళ్ళు చూడ్డానికి అంత దూరమా?" అన్నారు. నలభై ఏళ్ళు జనం నోళ్ళల్లోకి చూసిన పళ్ళ డాక్టర్ని నేను. కొన్నాళ్ళపాటు నోరు లేనిదాన్ని చూడాలనిపించింది. హైమ పెళ్ళిళ్ళకు వంటలు చేయించే మనిషి. ఆమెకు మరొకరు కాచిన టీ తాగాలని కోరిక. అది తీరలేదు. బండి పెట్టే టీ నచ్చక రెండో రోజునుంచే పొయ్యి తన చేతిలోకి తీసుకుంది.

ఈరోజు ఆమెకు మళ్ళీ కడుపులో తిప్పింది.

"అక్కా, రోడ్డు చూస్తే అద్దంలా ఉంది. నడుము చూస్తే గోతుల్లో పడ్డట్టుంది. కళ్ళు ఒకటి చెబుతున్నాయి, పొట్ట ఒకటి చెబుతోంది" అంది.

నాకూ అలాగే ఉంది. కిటికీలోంచి చూస్తే నున్నటి తారు రోడ్డు, సరుగుడు తోపులు, తెల్లటి ఇసక. చేతిలో గ్లాసు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. బండిని అడిగితే "తీరపు గాలి వల్ల స్వల్పమైన ఊపు" అంది. గాలికి టీ ఒలుకుతుందా? కిటికీలు తెరవమంటే ఉప్పుగాలి ఆరోగ్యానికి మంచిది కాదంది. తడ నుంచి ఇదే మాట. సముద్రం పక్కన ఇంత దూరం వచ్చి, విడిదుల్లో దిగినప్పుడు తప్ప సముద్రం వాసన చూడలేదు మేము.

మధ్యాహ్నం ఎవరూ లేని చోట బండి ఆగిపోయింది. ఎదురుగా ఖాళీ రోడ్డు.

"దారి శుభ్రపరుస్తున్నాం. దయచేసి దృశ్యాన్ని ఆస్వాదించండి."

పాలు పొంగి చల్లారేంతసేపు దృశ్యాన్ని ఆస్వాదించాం. తర్వాత బండి మెల్లగా పక్కకు తిరిగి, లేని దేన్నో చుట్టి వెళ్ళింది.

సోమవారం, కళింగపట్నం విడిది

సంస్థ వాళ్ళ విడిదిలో ఆగాం. చుట్టూ ఎత్తైన గోడ, లోపల పూలమొక్కలు, కుర్చీలు. వాడిన నీళ్ళ ట్యాంకును ఖాళీ చేయడం మా వంతు పని. బండి వెనక నడుమెత్తు తలుపొకటి ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు లోపలినుంచి గొళ్ళెం తీస్తే తెరుచుకుంటుంది. ట్యాంకును బయటికి లాగుతుంటే బండి పక్కభాగం కనబడింది.

మా కిటికీ కింద బురదచేతి గుర్తులు. ఒకటి కాదు, నాలుగైదు. వేళ్ళు కిందికి జారిన గీతలతో సహా. అన్నిటికంటే కింద ఒకటి చిన్నది, చంటిపిల్లది.

విడిది చూసుకునే ఆవిడ పేరు ప్రమద. నవ్వుతూ వచ్చి, నేను చూస్తుండగానే పైపుతో కడిగించేసింది.

"అవేమిటండీ?" అన్నాను.

"పక్షులండీ మేడమ్. తీరంలో పక్షులు ఎక్కువ."

"పక్షులకు బొటనవేలు ఉంటుందా?"

ఆమె నవ్వు చెక్కుచెదరలేదు. "మీకు కొబ్బరినీళ్ళు చెప్పమంటారా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. హైమ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "వదిలెయ్ అక్కా, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, అనమన్న మాట అంటోంది" అంది. అనమన్న మాట అనేవాళ్ళమీదే నాకు మొదట్నుంచీ కోపం. మిఠాయిల వల్ల పళ్ళు పుచ్చవని చెప్పేందుకు ఒకసారి నా దగ్గరకూ ఓ మిఠాయి కంపెనీ మనిషి ఇలాంటి నవ్వుతోనే వచ్చాడు.

రాత్రయినా నిద్ర పట్టడం లేదు. ఆ చిన్న చెయ్యి అంత ఎత్తుకు అందాలంటే ఎవరో ఎత్తుకుని ఉండాలి.

మంగళవారం రాత్రి, సోంపేట

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భావనపాడు దాటి చాలాసేపయింది. పదకొండింటి వేళ బండి ఆగింది. ఖాళీ రోడ్డు. "దారి శుభ్రపరుస్తున్నాం" అంది. హైమ టీ పోసింది. కిటికీ పక్కన కూర్చుని తాగుతున్నాం. అలల మీద తెల్లకొంగల బారు ఎగురుతోంది. హైమ వాటి గురించి ఏదో అంటే నవ్వాను కూడా.

ఇంతలో నా అరికాలి కింద నేల అదిరింది. ఈ బండి బయటి చప్పుడు లోపలికి రానివ్వదు. కానీ అదురు తెలుస్తుంది కదా. మళ్ళీ అదిరింది. మళ్ళీ. ఎవరో బండిని కొడుతున్నారు.

గ్లాసు పక్కన పెట్టి వెనక్కి వెళ్ళాను. ట్యాంకు తలుపు గొళ్ళెం తీస్తుంటే బండి, "కౌముది గారూ, ఇది విడిది కాదు" అంది. నువ్వు నోర్మూసుకో అన్నాను. తలుపు తోశాను.

ముందు వాసన వచ్చింది. ఎండుచేపలు, కుళ్ళిన నాచు, పొగ. తర్వాత వెలుగు. నీలం సముద్రం లేదు. మట్టిరంగు నీళ్ళు రోడ్డు అంచును కొరుక్కుతింటున్నాయి. తారు ఎక్కడికక్కడ లేచిపోయి ఉంది. సరుగుడు తోపు ఉండాల్సిన చోట ఒక ఊరు. సగం ఇళ్ళు మోకాలి లోతు నీళ్ళల్లో, మిగతా సగం ఇసక బస్తాల వెనక. బోర్లించిన పడవలు. బండి చుట్టూ మనుషులు. ముప్పైమంది పైనే ఉంటారు. ఖాళీ బిందెలు, డబ్బాలు పట్టుకుని ఉన్నారు. ఒకామె చేతిలో తెడ్డు. దానితోనే బండిని కొడుతోంది.

నన్ను చూసి తెడ్డు దించింది.

"ఏటమ్మా, దిగినావా? మా మొకాలు ఇప్పటికి అవుపడ్డాయా?" అంది ఆమె.

"మీరు... నాకు కనబడలేదమ్మా. లోపలినుంచి ఇక్కడ ఎవరూ లేరు."

"ఎవురూ నేరా?" ఆమె ఒక అడుగు ముందుకేసింది. "ఇందాకా నా మొకంలోకే సూసినావు. టీ తాగినావు. నవ్వినావు కూడాను! రోజూ బండ్లొస్తాయి, ఆగుతాయి. మేం సేతులెత్తి దండాలెడతాం. లోపలున్నోళ్ళు సల్లగా సూసి నవ్వుకుని ఎల్లిపోతారు. ఇంక మీరు మనుసులు కారనుకున్నాం."

నేను నవ్వింది కొంగల్ని చూసి అని ఆమెతో ఎలా చెప్పను? అసలు కొంగలే లేవు.

ఆమె పేరు రత్తాలు. ఊరు నీలమ్మపేట. ప్రభుత్వం వాళ్ళు కొండవైపు ఇళ్ళు కట్టిస్తామని చెప్పి సగం మందికే ఇచ్చారట, ఇచ్చాక ఊరు మొత్తం ఖాళీ అయినట్టు రాసేసుకున్నారట. ఖాళీ ఊరికి కరెంటు ఎందుకని తీసేశారు. మంచినీళ్ళ గొట్టం మూసేశారు. ఫోన్ల స్తంభం పీకేశారు. వెనకవైపు వంతెన గత తుఫానుకే కూలింది. పడవల బ్యాటరీలకు ఛార్జింగు ఎక్కించుకునే దారి లేదు. మిగిలింది ఈ రోడ్డు ఒక్కటే. దీనిమీద వచ్చే మేము ఇలాంటి వాళ్ళం.

"నీళ్ళకి ఎలాగో సస్తన్నాం. కానీ నా పెనిమిటిని సూడు తల్లీ" అంది.

వలను ఉయ్యాలలా పట్టుకుని నలుగురు ఒక మనిషిని తెచ్చారు. పేరు అప్పన్న. టేకు చేప తోకలోని విషపు ముల్లు పాదంలో దిగిందట. మోకాలి దాకా కాలు వాచి నల్లబడింది. ఒళ్ళు కాలిపోతోంది. నేను చూసేది పళ్ళే కావచ్చు, చీము రక్తంలోకి ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు.

"హైమా, పడక ఖాళీ చెయ్" అని అరిచాను.

ఆమె అప్పటికే దుప్పట్లు పక్కకు లాగేసింది. మంచినీళ్ళ డబ్బాలు కిందికి అందిస్తోంది, ఏడుస్తోంది, సంస్థవాళ్ళ ఏడు తరాలనూ తిడుతోంది, మూడూ ఒకేసారి. మా దగ్గరున్న నీళ్ళన్నీ ఇచ్చేశాం. అప్పన్నను వెనక తలుపులోంచి లోపలికి జరిపారు. రత్తాలు ఎక్కింది. తలుపు మూశాం.

"బండీ, ఆసుపత్రికి పోనీ" అన్నాను.

"నమోదైన ప్రయాణికులు ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. ప్రయాణం కొనసాగిస్తున్నాం."

"మూడో మనిషి ఉన్నాడు. చావుబతుకుల్లో ఉన్నాడు!"

"వాహనంలో ఇద్దరు ప్రయాణికులు ఉన్నారు" అంది అదే తేనెగొంతుతో. తర్వాత వీణ వాయించడం మొదలుపెట్టింది. సైకిలు వేగంతో కదిలింది. ముందున్నది సూర్యాస్తమయం చూసే చోటు అని, అక్కడ సాయంత్రం దాకా విశ్రాంతి అని చెప్పింది. మన రాష్ట్రంలో సముద్రంలోకి సూర్యుడు ఎప్పుడు అస్తమించాడు? తూర్పు తీరంలో కూడా అద్దం మీద సూర్యాస్తమయం అమ్ముకుంటున్నారు!

కిటికీని పిడికిలితో గుద్దాను. అందులో సరుగుడు చెట్లు ఊగుతూనే ఉన్నాయి. అప్పన్న కలవరిస్తున్నాడు. రత్తాలు అతని తల ఒళ్ళో పెట్టుకుని నావంక చూస్తోంది. ఆ చూపులో ఇంకా పూర్తిగా నమ్మకం లేదు. ఎందుకుంటుంది?

అప్పుడు హైమ నన్ను చూసి, "అక్కా, నమోదైన ప్రయాణికులు ఆరోగ్యంగా లేకపోతేనో?" అంది.

అంటూనే గుండె పట్టుకుని నేలమీద కూలబడింది. "అమ్మో, నొప్పి! ఎడం చెయ్యి లాగేస్తోంది! అక్కా, నేను పోతున్నాను, మా ఆయనకు ఆవకాయ జాడీ ఎక్కడుందో చెప్పు!" అని మొదలుపెట్టింది. నాకు ఒక్క క్షణం నిజంగానే గుండె జారింది. తర్వాత గుర్తుపట్టాను. ఆ మూలుగు మా అత్తగారిది. పండక్కి మేము పుట్టిళ్ళకు బయల్దేరిన ప్రతిసారీ ఆవిడకు వచ్చే గుండెనొప్పి అది. హైమ ఒక్క దగ్గు కూడా వదలకుండా దింపేసింది. ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రగా చేసుకుని, కాళ్ళు తన్నుకుంది.

నేను డాక్టర్నని, నాడి పడిపోతోందని బండికి చెప్పాను. వీణ ఆగిపోయింది.

"హైమవతి గారికి అత్యవసర వైద్యం అవసరం. దయచేసి ధైర్యంగా ఉండండి."

బండి తీరం వదిలి పడమటి రోడ్డెక్కింది. అంత వేగం దానిలో ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు. దారంతా హైమ మూలుగు ఆపలేదు. ఆపితే మళ్ళీ వీణ మొదలవుతుందని భయం. సోంపేట చేరేసరికి ఆమె గొంతు పూడుకుపోయింది.

బుధవారం, సోంపేట

అప్పన్న బతికాడు. కాలు కూడా దక్కుతుందట. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. నిన్న ఆమె స్ట్రెచర్ తెచ్చింది హైమ కోసం. హైమ లేచి నిలబడి, చీర దులుపుకుని, "నాకేం లేదమ్మా, లోపలున్నాడు అసలు మనిషి" అంది. ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లోపలికి పరిగెత్తింది.

పొద్దున్నే సంస్థ మనిషి వచ్చాడు. వైకుంఠరావు అట. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళబుట్ట.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్."

"అసౌకర్యం నాకు కలగలేదు. ఆ ఊరివాళ్ళకు కలిగింది. కిటికీల్లో మనుషుల్ని చెరిపేస్తున్నారు మీరు."

"చెరపడం కాదండీ. దృశ్యాన్ని సరిదిద్దడం. సెలవు మీద వచ్చిన వాళ్ళ మనసు కష్టపెట్టకూడదు కదా. తీరం ఇప్పుడు చూడదగ్గట్టు లేదు. మా అమ్మగారు కూడా ఈ బండిలో వెళ్ళి, చిన్నప్పటి సముద్రం చూశానని ఏడ్చారండీ."

"మీ అమ్మగారికి బయట నీళ్ళకోసం ఏడుస్తున్న వాళ్ళు కనబడ్డారా?"

అతను గొంతు తగ్గించాడు. "మేడమ్, నీలమ్మపేట ఖాళీ అయిన ఊరు. అక్కడ ఎవరూ లేరు. ప్రభుత్వ రికార్డు."

"ఎవరూ లేకపోతే ఆ గదిలో మంచం మీద ఉన్న కాలు ఎవరిది? వెళ్ళి చూడండి. కట్టు విప్పి చూపిస్తారు. మీ మనసు కష్టపడుతుందేమో, కళ్ళు మూసుకుని చూడండి."

అతను చూడలేదు. మా ప్రయాణం మధ్యలో తెగింది కాబట్టి, చివరగా ఆగిన విడిదినుంచి మళ్ళీ మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా పూర్తిచేసే హక్కు మాకుందని, లేదంటే ఇక్కడే ముగించుకోవచ్చని చెప్పి, పళ్ళబుట్ట బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఫోన్లు చేశాను. కనబడ్డ ప్రతి కార్యాలయానికీ చేశాను. అన్నిచోట్లా ఒకటే జవాబు. లేని ఊరికి నీళ్ళ బండి పంపడానికి వాళ్ళకు వీలుపడదట.

కళింగపట్నంలో చూసిన చేతులు నీలమ్మపేటవి కావు. మేము అప్పటికి అక్కడిదాకా రానేలేదు. మరి అవి ఏ ఊరివి? తడ నుంచి ఎన్ని ఊళ్ళ ముఖాల్లోకి చూస్తూ టీ తాగి ఉంటాం మేము?

సాయంత్రం అప్పన్నకు తెలివొచ్చింది. రత్తాలు చెయ్యి పట్టుకుని, "నాకేటీ అవదు. నువ్వెల్లి మనోళ్ళకి సెప్పు. నాను సచ్చిపోనాననుకుంటారు" అన్నాడు.

"నువ్వెళ్ళు అక్కా, ఇతన్ని నేను చూసుకుంటాను. ఈ ఆసుపత్రి చారు తాగితే కోలుకునేవాడు కూడా పడిపోతాడు" అంది హైమ.

చివరగా ఆగిన విడిదినుంచే మొదలుపెట్టమని సంస్థకు చెప్పాను. ఆ దారి నీలమ్మపేట మీదుగానే కదా.

గురువారం, నీలమ్మపేట

ఇది రాస్తున్న వేళకు రోడ్డు మీద ఏడు ఇల్లుబండ్లు ఆగి ఉన్నాయి. వాటిలో ఉన్న నీళ్ళన్నీ ఊళ్ళోకి వచ్చేశాయి. పిల్లలు తాగుతున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకోబోతే రత్తాలు తిడుతోంది. ప్రయాణికుల ఫోన్లు ఇక్కడ పనిచేయవు కాబట్టి రెండు బండ్ల వాళ్ళు సిగ్నల్ ఉన్న చోటికి వెనక్కి నడిచి వెళ్ళారు, తీసిన ఫోటోలతో. వైకుంఠరావు ఒకసారి వచ్చి, ఆగిన బండ్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. ప్రభుత్వం వాళ్ళ నీళ్ళ బండి బయల్దేరిందని, ఫోటోలు తీసుకెళ్ళినవాళ్ళలో ఒకాయన ఇప్పుడే కబురు తెచ్చాడు. వచ్చేదాకా నమ్మను. వచ్చేదాకా ఇక్కడినుంచి కదలను.

పొద్దున జరిగింది రాయాలి.

నేనూ రత్తాలూ బండిలో వస్తున్నాం. ఊరు దగ్గరపడుతోందని ఆమె కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. అద్దంలో తెల్లటి ఇసక, సరుగుడు తోపు, తెల్లకొంగలు. బండి వేగం తగ్గింది.

"మా ఊరేనా ఇది?" అంది.

"అవును."

"మా ఇల్లేదమ్మా? ఈ మలుపులోనే ఉండాల." కిటికీ ఈ చివరనుంచి ఆ చివరకు వెతికింది. "మా అత్త రోడ్డుమీదే కూకుంటాది పొద్దున్నే. అత్తేదీ?"

ఆమె అద్దాన్ని అరచేత్తో తుడిచింది, మసక పట్టిందేమో అన్నట్టు. ఆమె ముఖం చూడలేకపోయాను.

"అంటే మీకు నిజంగానే అవుపడలేదన్నమాట" అంది చివరికి. నన్ను ఆమె నమ్మింది అప్పుడే.

ఊరివాళ్ళు అడ్డం నిలబడడంతో బండి ఆగింది, వెనక తలుపులోంచి దిగాం. అందరూ వచ్చి పడ్డారు. అప్పన్న బతికాడని చెప్పి, తర్వాత ఈ అద్దాల సంగతి చెప్పింది రత్తాలు. అప్పుడు ఆమె అత్త, నడుం వంగిన ముసలామె, "మరయితే వాళ్ళు మనల్ని సూసి నవ్వనేదా?" అని అడిగింది. లేదని చెబితే చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను బండి చుట్టూ తిరిగి చూశాను. కిటికీల పైన, మూలల్లో, చొక్కా గుండీలంత నల్లటి కళ్ళున్నాయి. బయట ఉన్నదాన్ని ఇవి చూస్తే కదా లోపల దిద్దేది. రత్తాలు ఒంగి పిడికెడు బురద తీసి ఒకదానిమీద మెత్తింది. మిగతావాటి మీద మేమందరం మెత్తాం. లోపలికి ఎక్కి చూశాను. "దృశ్యం అందుబాటులో లేదు" అంటోంది బండి. కొంగలు మాయమయ్యాయి. కిటికీ ఉత్త గాజు అయిపోయింది. అందులోంచి రత్తాలు వాళ్ళ ఇల్లు కనబడుతోంది, గుమ్మం దాకా నీళ్ళతో.

కాసేపటికి దక్షిణం నుంచి మరో ఇల్లుబండి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాం. అది ఆగింది. కిటికీలో ఒకాయన నిలబడి, నా ముఖంలోకి చూస్తూ మీసం దువ్వుకుంటున్నాడు. నేను రెండు చేతులూ ఊపాను. ఆయన మీసం చివర మెలితిప్పి, తృప్తిగా తల ఊపుకున్నాడు. ఆయన తప్పేమీ లేదని తెలిసి కూడా, నా జన్మలో ఎవరిమీదా రానంత కోపం వచ్చింది నాకు. ఒక్కసారికే నాకు ఇలా ఉంటే, వీళ్ళు ఇన్నాళ్ళు ఎలా భరించారు?

బురద తీసుకున్నాం. ఒక్కొక్క కన్నూ మూసేశాం. చివరిది మూసేసరికి దువ్వెన పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన వెనక్కి తుళ్ళిపడ్డాడు. మళ్ళీ దగ్గరకు వచ్చాడు. ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు.

చాలాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. చేతిలో దువ్వెనతోనే దిగాడు. పాదాల కింద పగిలిన తారును, నీళ్ళల్లో నిలబడ్డ గోడలను, ఖాళీ బిందెలను చూశాడు.

"ఎవరండీ మీరంతా?" అన్నాడు.

"ఇక్కడోళ్ళమే బాబూ" అంది రత్తాలు.

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినబడింది, భయంగా. "ఏమైందండీ? బయట ఏముంది?"

ఆయన ముసలామె చేతిలోని బిందె అందుకుని, అది ఖాళీదని చూసుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఊరు" అన్నాడు. "ఇక్కడ ఊరుందే. నువ్వు కూడా దిగు."